విప్పే ముందే నంబరు వేయండి

"అన్నా, గేటుకొక ఫంక్షన్ రాసిన. కాల్వకొకటి రాసిన. రోజువారీ రీడింగుకు ఇంకొకటి. ఇట్ల ఎన్ని రాయాలె? అన్నిటికీ ఒక్కటే రాస్తే కాదా?"

అడిగింది మా చిన్నమ్మ కొడుకు. నందికొండ హిల్ కాలనీలో వాళ్లింటి వరండాలో, కరెంటు పోయిన ఒక సాయంత్రం, లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేలోపు తేల్చుకోవాలన్న తొందరలో అడిగాడు. డిగ్రీ చివరి ఏడాది. నాగార్జునసాగర్ జలాశయం లెక్కలు దాచే చిన్న ప్రోగ్రామ్‌ను రస్ట్ భాషలో రాస్తున్నాడు. నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ఇన్‌ఫ్లో ఔట్‌ఫ్లో క్యూసెక్కుల్లో, 26 క్రస్ట్ గేట్లలో ఏది ఎంత లేచిందో అడుగుల్లో. ఈ ఊరి పిల్లలకు ఈ అంకెలు క్రికెట్ స్కోరుతో సమానం. 590 అంటే డ్యాం నిండినట్టని బడికి పోకముందే తెలిసిపోతుంది.

"ట్రెయిట్ రాసుకోరా" అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం చెప్పేలోపు బ్యాటరీ అయిపోయింది. ఈ అధ్యాయం ఆ మిగతా సగం.

మాటతో మొదలుపెడదాం. సీరియల్ అంటే మనకు వారపత్రికలో వారం వారం వచ్చే నవల. పెద్ద కథను ముక్కలు చేసి, వరుసలో పెట్టి, చదివేవాడు తన తలలో మళ్లీ ఒకే కథగా కట్టుకునేలా ఇవ్వడం. కంప్యూటర్‌లో సీరియలైజ్ చేయడమూ అంతే. మెమరీలో ఆబ్జెక్ట్ ఒక్కచోట కుదురుగా ఉండదు. పేరు ఒక మూల, గేట్ల జాబితా ఇంకో మూల, వాటిని కలుపుతూ మధ్యలో చిరునామాలు. ఫైల్లోకి పోవాలన్నా, నెట్‌వర్క్ దాటాలన్నా ఇదంతా ఒకే వరుస బైట్లు కావాలి. అవతల ఆ వరుసలోంచి అదే ఆబ్జెక్ట్ మళ్లీ లేచి నిలబడాలి. ఆ లేచి నిలబడడం పేరు డీసీరియలైజ్.

ఈ ఊరికి ఆ పని కొత్తది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఇక్కడ డ్యాంకు శంకుస్థాపన చేసేనాటికి ఎదుటి గట్టు లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1926లో వెలుగులోకి వచ్చిన శిథిలాలు. నీళ్లు వస్తాయని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను తవ్వింది. మునిగిపోయే కట్టడాల్లో కొన్నిటిని విప్పి నాగార్జునకొండ మీద, అనుపు దగ్గర మళ్లీ కట్టారు. కొన్నిటికి నమూనాలు మాత్రం చేసి పెట్టారు. ఇప్పుడు ఆ కొండ ఒక దీవి. లాంచీ ఎక్కితే తప్ప చేరలేం. ఆ తర్వాత శ్రీశైలం ప్రాజెక్టు వంతు. ఎగువన, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణ తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పుకొచ్చి అలంపురంలో నిలబెట్టారు.

రాతిగుడిని తరలించేవాళ్లు ముందు గడ్డపార పట్టరు. కొలతలు తీస్తారు, పటం గీస్తారు, ఫొటోలు తీస్తారు, ప్రతి రాయి మీదా నంబరు రాస్తారు. అప్పుడు విప్పుతారు. రాయిని లారీకెక్కించే మనిషికి అది ఇక్ష్వాకుల కాలందో చాళుక్యుల కాలందో తెలియనక్కర్లేదు. ఏ వరుస, ఎన్నోది, దాని పక్కన ఏది, ఇవి తెలిస్తే చాలు. గుడికొక తరలింపు శాస్త్రం ఎవరూ కనిపెట్టలేదు. జెనరిక్ ఫంక్షన్ అంటే ఆ లారీ మనిషి. ఎత్తే వస్తువు గురించి అతనికి ఎంత తక్కువ తెలిస్తే అంత ఎక్కువ రకాల వస్తువులు ఎత్తగలడు. అయితే అతనికి తెలియనిదంతా రాయి మీది నంబరుకు తెలిసి ఉండాలి. ఈ రెండో వాక్యాన్ని మన కుర్రాళ్లు మర్చిపోతారు, నేనూ ఒకప్పుడు మర్చిపోయాను.

మెమరీని ఉన్నపళంగా ఎత్తుకెళ్లడం

అన్ని రకాలకూ పనికొచ్చే ఫంక్షన్ కావాలని అడిగితే మొదట తట్టే ఉపాయం ఒకటుంది. ఏ ఆబ్జెక్ట్ అయినా మెమరీలో బైట్లే కదా, మొదటి చిరునామా నుంచి దాని సైజు ఎంతో అన్ని బైట్లు ఫైల్లోకి దించేస్తే పోలా? సీ భాషలో ఒక్క లైను పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసింది అదే. నా మిషన్ మీద రాసి, నా మిషన్ మీదే చదివి, పని అయిపోయిందని చెప్పి ఇంటికెళ్లాను. ఫైలు ఇంకో మిషన్ మీద తెరిచినరోజు తెలిసింది.

మొదటి దెబ్బ చిరునామాలది. రస్ట్‌లో స్ట్రింగ్ లోపల మూడు అంకెలే ఉంటాయి: అక్షరాలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామా, ఎంత పొడవు, ఎంత చోటు కేటాయించారు. 64 బిట్ మిషన్ మీద మూడూ కలిపి 24 బైట్లు. ఇక "నందికొండ" అన్న పేరును చూడండి. కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో న, సున్న, ద, గుడి, క, ఒత్వం, సున్న, డ కలిసి ఎనిమిది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటీ మూడు బైట్లు కాబట్టి మొత్తం 24. అంటే పేరు 24 బైట్లే, పేరున్న చోటును చెప్పే స్ట్రింగ్ కూడా 24 బైట్లే. ఫైలు సైజు చూసి "పేరు చేరిందిలే" అనుకుంటారు. చేరింది పేరు కాదు, చిరునామా. మునిగిపోయిన ఊరి ఇంటి నంబరు పట్టుకుని పునరావాస కాలనీలో మనిషిని వెతికినట్టుంటుంది.

ఇదే లెక్కలో ఇంకో పాఠం కూడా ఉంది. పేరును పంపేముందు దాని పొడవు పంపాలి, అవతలివాడికి ఎక్కడ ఆపాలో తెలియడానికి. ఆ పొడవు నాలుగా, ఎనిమిదా, ఇరవైనాలుగా? బైట్ల లెక్క, 24. ఇంగ్లిష్ పేర్లతోనే పరీక్షించుకునేవాళ్లకు ఈ మూడూ ఒకటే అంకెగా కనిపిస్తాయి, తప్పు దొరకదు. మీ పరీక్షల్లో ఒక్క తెలుగు పేరైనా పెట్టుకోండి. భాషాభిమానం కోసమని కాదు, బగ్గు దొరకడం కోసం.

రెండో దెబ్బ సందులది. గేటు నంబరుకు ఒక బైటు, దానిలోంచి పోయే నీళ్ల లెక్కకు నాలుగు బైట్లు అనుకోండి. మొత్తం అయిదు కావాలి. సీ కంపైలర్ మధ్యలో మూడు బైట్లు ఖాళీ వదిలి సాధారణంగా ఎనిమిది చేస్తుంది, నాలుగు బైట్ల అంకె నాలుగు గుణిజం దగ్గర మొదలైతే ప్రాసెసర్‌కు సుఖం కాబట్టి. ఆ ఖాళీ బైట్లలో ఏముంటుంది? అంతకుముందు ఆ చోట ఏముందో అదే. ఎవరి పాస్‌వర్డ్ ముక్కో కావచ్చు. రస్ట్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, మీరు అడక్కపోతే ఫీల్డులు రాసిన వరుసలోనే ఉంటాయన్న హామీ కూడా ఇవ్వదు.

మూడోది నాకు ఇష్టమైన దెబ్బ. 590ని రెండు బైట్లలో రాస్తే అవి 2, 78. రెండు ఇన్నూటయాభైఆర్లు, పైన డెబ్బయ్యెనిమిది. పెద్ద బైటు ముందు రాసే పద్ధతి ఒకటి, చిన్న బైటు ముందు రాసే పద్ధతి ఒకటి. మన లాప్‌టాప్‌ల ఇంటెల్ ప్రాసెసర్లు చిన్నదాన్ని ముందు పెడతాయి. ఇంటర్నెట్ ప్రొటోకాళ్లు పెద్దదాన్ని ముందు పెడతాయి. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తిరగేసి చదివితే 78, 2 అవుతుంది, అంటే 19,970. సాగర్ నీటిమట్టం 19,970 అడుగులు! ఎవరెస్టులో మూడింట రెండొంతుల ఎత్తు. ఇంత పెద్ద తప్పయితే ఎవరైనా పట్టేస్తారు. తిరగేసినా నమ్మదగ్గట్టే కనిపించే అంకెలుంటాయి, వాటితోనే అసలు ఇబ్బంది.

కాబట్టి మెమరీ ఫొటో తీయడం సీరియలైజేషన్ కాదు. వస్తువును అడగాలి: నీలో ఏమేమి ఉన్నాయి, ఏ వరుసలో, ఒక్కోటి ఏ రకం?

మూడు చేత్తో రాయండి

జెనరిక్‌గా మొదలుపెట్టకండి. నా దగ్గరకొచ్చే పిల్లలకు నేను పెట్టే ఒకే ఒక నియమం ఇది. ముందు గేటుకు చేత్తో రాయండి, కాలువకు రాయండి, రీడింగుకు రాయండి. చేతులు నొప్పి పుట్టనివ్వండి. తర్వాత మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ లైన్లు మూడింటిలోనూ ఉన్నాయో గీత గీయండి. ఒక్కదాన్ని చూసి జెనరిక్ రాసినవాడు తన ఊహను రాస్తాడు. మూడు చూసినవాడికి పోలిక దొరుకుతుంది.

మా తమ్ముడి మూడు ఫంక్షన్లలో గీత గీస్తే తేలింది ఇదీ. ప్రతిదీ కడకు అంకెనో, అవును-కాదునో, అక్షరాల వరుసనో రాస్తోంది. మధ్యలో ఉన్నవి మూడే సంగతులు: "ఇవి వరుసగా ఇన్ని ఉన్నాయి", "ఇది ఉండొచ్చు, ఉండకపోవచ్చు", "ఈ ఫీల్డులన్నీ కలిసి ఒక వస్తువు". అంతకుమించి ఏమీ లేదు.

ఇక ట్రెయిట్. ట్రెయిట్ అంటే ఒప్పందం. "మూట" అని పేరు పెట్టుకుందాం. 2021 జూన్‌లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి రస్ట్‌లో పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. పెట్టి చూడండి, సరదాగా ఉంటుంది, జట్టులో తెలుగు రానివాళ్లు లేకపోతే. ఆ ఒప్పందంలో ఒకే మాట: నన్ను మూటకట్టే విధానం నాకు తెలుసు. అంకె ఆ ఒప్పందం మీద సంతకం పెడుతుంది: నా బైట్లు, చిన్నది ముందు. స్ట్రింగ్ సంతకం పెడుతుంది: ముందు పొడవు, ఆ తర్వాత అక్షరాలు. ఇక జాబితా సంతకంలో ఉంది కిటుకంతా. జాబితా ఏమంటుందంటే, "నాలో ఉన్నది ఏదైనా కానీ, దానికి మూటకట్టుకోవడం తెలిస్తే నాకూ తెలిసినట్టే. ఎన్ని ఉన్నాయో చెప్పి, ఒక్కొక్కదాన్నీ కట్టుకోమంటా." ఆప్షన్ కూడా అంతే: "ఉందో లేదో ఒక బైటులో చెప్పి, ఉంటే దాన్నే కట్టుకోమంటా."

ఇప్పుడు గేటుకు వస్తే గేట్ల జాబితాకు ఉచితంగా వచ్చేస్తుంది. జాబితాకు వస్తే జలాశయానికి, జలాశయానికి వస్తే జలాశయాల జాబితాకు. మీరు రాసింది అయిదారు చిన్న ముక్కలు. వాటితో కట్టగలిగే రకాలకు లెక్క లేదు. పై ఫంక్షన్ మాత్రం పొట్టిగా ఉంటుంది: "మూట ఒప్పందం మీద సంతకం పెట్టిన ఏ రకమైనా ఇవ్వు, బైట్లు రాయడం తెలిసిన ఏ గమ్యమైనా ఇవ్వు." గమ్యాన్ని కూడా జెనరిక్‌గా ఉంచడం చాలామంది మర్చిపోతారు. ఫైలయినా, నెట్‌వర్క్ అయినా, పరీక్ష కోసం మెమరీలో పెట్టుకున్న బైట్ల జాబితా అయినా అదే ఫంక్షన్ నడవాలి. లేకపోతే పరీక్షించాలన్న ప్రతిసారీ డిస్కు మీద ఫైలు తెరవాలి.

ఇంత జెనరిక్ అయితే నెమ్మదించదా అని అడుగుతారు. రస్ట్‌లో కంపైలర్ ఒక్కో రకానికీ ఒక్కో ప్రతి తీసి, విడిగా రాసినంత వేగంగా నడిచేలా చేస్తుంది. నడిచేటప్పుడు ఖర్చు లేదు. కంపైల్ అయ్యే సమయంలోనూ, ప్రోగ్రామ్ సైజులోనూ కడతారు.

మధ్యలో ఒక పటం

మా వాడి దగ్గర అయిదు రకాలు: జలాశయం, గేటు, కాలువ, రీడింగు, హెచ్చరిక. ఫార్మాట్లు మూడు: మనిషి చదవడానికి జేసన్, ఎక్సెల్‌లో తెరవడానికి సీఎస్‌వీ, దాచడానికి బైనరీ. ఒక్కో జతకూ ఒక ఫంక్షన్ అంటే పదిహేను. మధ్యలో ఒక పటం పెట్టుకుంటే, ప్రతి రకమూ ఆ పటంలోకి, పటంలోంచి ప్రతి ఫార్మాటులోకి, అయిదూ మూడూ ఎనిమిది. రస్ట్‌లో సెర్డే అనే లైబ్రరీ చేసేది అదే. సీరియలైజ్, డీసీరియలైజ్ మాటల మొదటి ముక్కలు కలిపి పెట్టిన పేరు. ఎరిక్ ట్రైజిలార్ మొదలుపెట్టాడు, డేవిడ్ టోల్నే పెంచి పెద్దచేశాడు, 2017లో 1.0 వచ్చింది. దాని మధ్య పటంలో 29 రూపాలున్నాయి. మీ రకం జేసన్ పేరే వినదు, జేసన్ మీ రకం పేరే వినదు. ఇద్దరికీ ఆ 29 తెలుసు.

సొంతంగా రాసుకోవడం ఎందుకు, సెర్డే వాడేస్తే పోదా? పోతుంది. రోజువారీ పనికి వాడండి. కానీ ఒక్కసారైనా చిన్నది సొంతంగా రాసినవాడికే సెర్డే ఇచ్చే ఎర్రర్ అర్థమవుతుంది. వంట నేర్చుకున్నవాడు హోటల్లో ఉప్పు తక్కువైతే చెప్పగలిగినట్టు.

అయిదు రకాలకూ ఫీల్డు ఫీల్డుకూ చేత్తో రాయడం మిగిలింది కదా. రస్ట్‌లో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు "నీలో ఏ ఫీల్డులున్నాయి" అని వస్తువును అడిగే వీలు లేదు. జావాలో, గోలో ఉంది. అందుకని రస్ట్ ఆ పనిని కంపైల్ సమయానికి జరిపింది. స్ట్రక్ట్ మీద డెరైవ్ అని ఒక లైను రాస్తే, ఒక మాక్రో ఫీల్డుల పేర్లు చదివి మీరు రాయాల్సిన కోడ్ తానే రాస్తుంది. డీ భాషలో వస్తువు ఫీల్డుల మీద నేరుగా లూప్ వేయొచ్చు, కంపైల్ సమయంలోనే. జిగ్‌లోనూ ఇంచుమించు అంతే. సీ++ వాళ్లు ఇలాంటి సదుపాయం కోసం చాలా ఏళ్లు మాక్రోలతో కుస్తీ పట్టారు. సీ++26తో అది భాషలోకి వస్తోంది.

నల్గొండ ఎక్కడికి పోయింది

రాయి మీది నంబరు విషయం ఇప్పుడు. ఇది తేలిక సంగతిలా కనిపిస్తుంది, ప్రాజెక్టులను ముంచేది ఇదే.

మా వాడు జిల్లాల కోసం ఒక ఈనమ్ రాశాడు, అంటే ముందే రాసిపెట్టిన పేర్లలో ఏదో ఒకటి మాత్రమే కాగలిగే రకం. అనుకోండి, ఇలాంటిదే ఎవరో 2014లో రాశారు. తెలంగాణకు అప్పుడు పది జిల్లాలు. అకారాది క్రమంలో ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం, నల్గొండ. సున్నా నుంచి లెక్కపెడితే నల్గొండ 3. చిన్నగా ఉంటుందని ఫైల్లో పేరు బదులు ఆ 3 మాత్రమే రాశారు. బైనరీ ఫార్మాట్లు చాలావాటికి ఇదే అలవాటు. 2016 అక్టోబరు 11న జిల్లాలు 31 అయ్యాయి. నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్‌లోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల లేచాయి. మన ప్రోగ్రామర్ బుద్ధిమంతుడు, కొత్త జిల్లాలను కూడా అకారాది క్రమంలోనే ఇరికించాడు. ఆదిలాబాద్ 0, కరీంనగర్ 1, కామారెడ్డి 2. మూడు? కుమురం భీం ఆసిఫాబాద్. పాత ఫైళ్లలోని సాగర్ గేట్లన్నీ రాత్రికి రాత్రి గోదావరి పరీవాహకంలోకి చేరాయి. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. ఇవ్వడానికి అక్కడ తప్పేముంది, 3 చెల్లే అంకే కదా. 2019లో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయినప్పుడు ఇంకో వలస.

నంబరు వరుసను బట్టి దానంతటదే పుట్టకూడదు, మీరు వేయాలి. ఒకసారి వేసిన నంబరు ఆ రాయిదే. రాయి పగిలిపోయి పారేసినా, ఆ నంబరు ఇంకో రాయికి ఇవ్వకూడదు. గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రొటోకాల్ బఫర్స్‌లో ప్రతి ఫీల్డుకూ చేత్తో నంబరు వేయించేది ఇందుకే. మీ సొంత ఫార్మాటులో కనీసం ఫైలు మొదట్లో ఒక వెర్షన్ అంకె పెట్టండి. ఒక్క బైటు. నాకు తెలిసిన అతి చవకైన బీమా అదే.

తిరిగి కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. మూటకట్టేటప్పుడు వస్తువు మీ చేతిలో ఉంటుంది, దాన్ని నమ్మొచ్చు. విప్పేటప్పుడు చేతిలో ఉన్నవి ఎవరో పంపిన బైట్లు. "ఈ జాబితాలో నాలుగు వందల కోట్ల గేట్లున్నాయి" అని మొదటి నాలుగు బైట్లు అంటే, నమ్మి అంత మెమరీ ముందే తెరిచిపెట్టకండి. పొడవు చదవగానే మిగిలిన బైట్లతో పోల్చి, చాలకపోతే అక్కడే ఎర్రర్ ఇవ్వండి. కట్టే ఫంక్షన్ కంటే విప్పే ఫంక్షన్ రెండింతలుంటే కంగారు పడొద్దు, అది ఉండాల్సిన సైజే.

అన్నీ రాశాక వేసే పరీక్ష ఒకటే: కట్టు, విప్పు, మొదటిదానితో పోల్చు. కొండ మీద మళ్లీ కట్టిన కట్టడానికీ, పక్కనే ఉన్న నమూనాకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. నమూనా చూడ్డానికి అలాగే ఉంటుంది, రాళ్లు ఆ రాళ్లు కావు.

మా వాడు వారం తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, అంతా సరిగనే రాసిన. తెలుగు పేర్లు వస్తున్నయి, 590 కు 590 వస్తున్నది. కానీ పరీక్ష ఫెయిల్ అంటున్నది. ముందుది, తర్వాతది పక్కపక్కన ప్రింట్ చేసి చూసిన, ఒక్క అక్షరం తేడా లేదు."

"ఏ రీడింగు దగ్గర?"

"పదిహేడో గేటు. ఆ రోజు దాని లెక్క రాలే. ఖాళీ ఎట్ల పెట్టాలె అని ఎన్ఏఎన్ పెట్టిన."

దశాంశ అంకెల్లో ఎన్ఏఎన్ అంటే "ఇది అంకె కాదు" అని చెప్పే గుర్తు. దేనితో పోల్చినా సమానం కాదంటుంది, చివరికి తనతో తాను పోల్చుకున్నా. పైగా సెర్డే జేసన్ దాన్ని నల్ అని రాసేస్తుంది, తిరిగి చదివేటప్పుడు అక్కడ అంకె ఏదని అడుగుతుంది. లెక్క రాలేదని చెప్పడానికి అంకె వేషం ఎందుకు, ఆప్షన్ ఉంది కదా అన్నాను. ఫోన్ పెట్టకుండానే మార్చాడు. కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. "ఆఁ, పచ్చ వచ్చింది" అని, తర్వాత కాసేపాగి, "అన్నా, మరి పద్దెనిమిదో గేటుకు సున్నా అని ఉన్నది. అది మూసి ఉన్నట్టా, లెక్క రానట్టా?" అని అడిగాడు.